పొలం రూపు మారిస్తే మట్టి కోత, వాన నీటి ప్రవాహం ఏమవుతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

గట్టు వేయడం, నేల చదును చేయించడం, పాత గట్లు తీసేసి నాలుగు చెక్కలను ఒకటి చేయడం ఒకప్పుడు వేసవి అంతా సాగే పనులు. ఇప్పుడు యంత్రం వస్తే ఒక్క రోజులో అయిపోతున్నాయి. ఆ ఒక్క రోజు మారిన రూపు మీదే ఆ తర్వాత పాతికేళ్ల వానలు పడతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని వర్షాధార భూములను, ముఖ్యంగా ఎర్ర చల్కలనూ నల్లరేగడినీ దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులివి. వీటన్నిటి వెనుకా ఉన్న మాట ఒకటే: నీరు పోయే దారి ముందు తేల్చుకోవాలి, మట్టి పని తర్వాత.

మట్టి కోతకు కారణం వానా, వాలా?

ముందు వాన, తర్వాత వాలు. పెద్ద చినుకు సెకనుకు ఎనిమిది తొమ్మిది మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. ఖాళీ నేల మీద ఆ దెబ్బకు మట్టి గడ్డలు పిండిగా చితికిపోతాయి. ఆ సన్నని మట్టి నీటితో కలిసి నేలలోని సూక్ష్మ రంధ్రాలను పూడ్చేస్తుంది. ఎర్ర నేలల్లో వాన వెలిసి ఎండ కాసిన మర్నాడు పైన పెంకులా గట్టిపడే పొర అదే. ఆ పొర ఏర్పడ్డాక తర్వాతి వాన ఇంకదు, పారుతుంది. పారే నీటికి వాలు తోడైతే వేగం వస్తుంది. చినుకు విడదీసి పెట్టిన మట్టిని ఆ వేగం మోసుకుపోతుంది.

కోత మొదట పొలమంతా సమానంగా, పలచగా సాగుతుంది. ఈ దశలో ఎవరికీ కనిపించదు. ఎకరా మీద ఒక్క మిల్లీమీటరు మందం మట్టి పోయిందంటే దాదాపు ఆరు టన్నులు పోయినట్టు. ఆరు టన్నులను ఎవరైనా బండ్లకెత్తుకుపోతే ఊరంతా పోగవుతుంది. నీళ్లు తీసుకుపోతే అడిగేవాడు ఉండడు. తర్వాత వేలి లోతు చాళ్లు పడతాయి, పట్టించుకోకపోతే అవి వంకలవుతాయి. వంక పడ్డాక మాత్రమే అధికారుల దగ్గరికి వెళ్లేవాళ్లే ఎక్కువ. అప్పటికి మంచి మట్టి పోయి చాలా కాలమై ఉంటుంది.

మా పొలం వాలు ఎంతో ఎలా తెలుసుకోవాలి?

రెండు కర్రలు, పదిహేను మీటర్ల పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం చాలు. మేస్త్రీలు గోడల మట్టం చూసే గొట్టమే. పది మీటర్ల దూరంలో రెండు కర్రలు నిలబెట్టి, గొట్టంలో నీటి మట్టం రెండింటి మీద ఎక్కడ నిలిచిందో గుర్తు పెట్టండి. నేల నుంచి ఆ గుర్తుల ఎత్తుల్లో తేడా 20 సెంటీమీటర్లు ఉంటే వాలు 2 శాతం. పొలంలో మూడు నాలుగు చోట్ల చూడండి. కంటి అంచనాను నమ్మవద్దు. సమంగా ఉన్నట్టు కనిపించే చాలా పొలాలు ఒకటి నుంచి మూడు శాతం వాలులో ఉంటాయి.

ఒకటి రెండు శాతం వాలుకు ఇంత హడావుడి అవసరమా?

అవసరమే, ఎందుకంటే మెట్ట సాగులో అధిక భాగం ఆ వాలులోనే ఉంది. ప్రపంచమంతా వాడే సార్వత్రిక నేల నష్ట సమీకరణాన్ని విష్‌మయర్, స్మిత్ అనే అమెరికా శాస్త్రవేత్తలు రూపొందించారు. అది అక్కడి కొలతలతో పుట్టింది కాబట్టి మన జడివానలకు అక్షరాలా సరిపోదు. అయినా ఏది ఎంత ముఖ్యమో చెప్పడానికి బాగా పనికివస్తుంది. దాని ప్రకారం వాలు 2 శాతం నుంచి 4 శాతానికి పెరిగితే కోత దాదాపు రెట్టింపవుతుంది. 4 నుంచి 8కి పెరిగితే దాదాపు రెండున్నర రెట్లవుతుంది. వాలు పొడవు సంగతి కాస్త వేరు. ఒకటి నుంచి మూడు శాతం వాలులో పొడవు రెట్టింపైతే ఎకరాకు పోయే మట్టి సుమారు పావు వంతు పెరుగుతుంది.

నేల రూపు మార్చే పనులన్నీ ఈ రెండిట్లో ఒకదాన్ని పట్టుకునేవే. గట్టు వాలు పొడవును తుంచుతుంది. చదును, మెట్టు వాలునే తగ్గిస్తాయి.

వాలుకు అడ్డంగా దున్నితే చెప్పుకోదగ్గ తేడా ఉంటుందా?

ఖర్చు లేని పనుల్లో ఇంతకు మించింది లేదు. అడ్డంగా వేసిన ప్రతి చాలూ ఒక చిన్న కట్ట. చాలులో నిలిచిన నీరు పారకుండా ఇంకుతుంది. పైన చెప్పిన సమీకరణం లెక్కలో ఒకటి రెండు శాతం వాలులో అడ్డ సేద్యం కోతను సుమారు 40 శాతం తగ్గిస్తుంది, మూడు నుంచి ఎనిమిది శాతం వాలులో సగానికి తెస్తుంది. వాలు 20 శాతం దాటితే ఈ మేలు దాదాపు మిగలదు. అంత వాలులో చాలు నిండగానే నీరు దాని మీదుగా దూకి కిందిచాళ్లను కూడా కోసేస్తుంది.

మామూలు వానలకు ఇది మంచి రక్షణ. గంటలో అరవై డెబ్బై మిల్లీమీటర్లు కురిసే వానకు చాళ్లు ఒక్కటే ఆగలేవు. అప్పటికి గట్టు ఉండాలి.

మా పొలం సన్నగా, పైనుంచి కిందికి పొడుగ్గా ఉంది. అడ్డంగా దున్నితే ట్రాక్టరు మలుపులకే సమయం సరిపోతుంది. ఏం చేయాలి?

ఈ ప్రశ్న అడగనివాళ్లు తక్కువ. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు అందరికీ దారి పక్కన ఒక కొస, వాగు పక్కన ఒక కొస రావాలని నిలువునా కోసుకుంటారు. పంపకం న్యాయమే, సేద్యానికి మాత్రం ఇబ్బంది. అలాంటి పొలంలో లోతు దుక్కి ఎటు చేసినా, చివరి దున్నకం, విత్తడం, గుంటక తోలడం మాత్రం అడ్డంగానే జరగాలి. వానాకాలంలో నేల మీద మిగిలేది చివరి పని గుర్తులే. ఇద్దరు ముగ్గురు పక్కపక్క రైతులు ఒప్పుకుని గొర్రును ఒకే సారి అడ్డంగా తోలించుకుంటే మలుపుల బాధ సగానికి పైగా తగ్గుతుంది. హద్దు రాళ్లు అక్కడే ఉంటాయి, ఎవరి పంట వారిదే. వినడానికి తేలిక, ఒప్పించడానికి కష్టం అని తెలుసు. అయినా ఒకసారి ప్రయత్నించదగినది.

గట్టు వేస్తే కోత ఆగిపోతుంది కదా?

ఆగదు. తగ్గుతుంది. 2 శాతం వాలులో 200 మీటర్ల పొడవున్న పొలాన్ని గట్లతో 40 మీటర్ల చొప్పున ఐదు ముక్కలు చేశారనుకుందాం. పొడవు తగ్గినందుకు కోత సుమారు 38 శాతం తగ్గుతుంది. అంటే మిగతా 62 శాతం గట్టుకూ గట్టుకూ మధ్య జరుగుతూనే ఉంటుంది. ఆ మట్టి పొలం దాటిపోకుండా గట్టు మొదట్లో పేరుకుంటుంది, అది లాభమే. కానీ ప్రతి ముక్కలోనూ పైభాగం ఏటేటా పలచనవుతుంది, కిందిభాగం మందమవుతుంది. అదే పొలంలో గట్ల మధ్య అడ్డ సేద్యం కూడా చేస్తే కోత మొదటి దానిలో 37 శాతానికి దిగుతుంది. గట్టు వేసి, మధ్యలో నిలువునా దున్నేవారు డబ్బు ఖర్చు పెట్టి సగం ఫలితంతో సరిపెట్టుకుంటున్నట్టే.

పంట కప్పు సంగతి మరిచిపోకూడదు. వేరుశనగలో అంతరపంటగా కంది వేసిన పొలంలో, పంట తీశాక ఆకులూ కట్టెలూ నేల మీద వదిలిన పొలంలో చినుకు దెబ్బ నేరుగా నేలకు తగలదు. ఆ పనిని ఏ గట్టూ చేయలేదు.

గట్ల మధ్య ఎంత దూరం ఉండాలి?

నేల సంరక్షణ విభాగాల్లో చాలాకాలంగా వాడుతున్న లెక్క ఇది: వాలు శాతాన్ని 3తో భాగించి, 2 కలిపి, 0.3తో గుణిస్తే రెండు గట్ల మధ్య ఉండాల్సిన ఎత్తు తేడా మీటర్లలో వస్తుంది. దానిని బట్టి 1 శాతం వాలులో గట్ల మధ్య దూరం సుమారు 70 మీటర్లు, 2 శాతంలో 40, 3 శాతంలో 30, 4 శాతంలో 25 మీటర్లు. నీరు బాగా ఇంకే నేలలో కొంచెం పెంచుకోవచ్చు, పెంకు కట్టే నేలలో కొంచెం తగ్గించుకోవాలి. ఆరు శాతం దాటిన వాలులో ఈ రకం గట్లు పనికిరావు.

వేసిన గట్టు మొదటి పెద్ద వానకే తెగింది. మట్టి మంచిది కాకనా?

తొంభై పాళ్లు కాదు. గట్టు ఒకే మట్టంలో లేకపోవడం వల్ల తెగుతుంది. లెక్క చూడండి. 2 శాతం వాలులో గట్టు వెనుక 30 సెంటీమీటర్ల నీరు నిలిస్తే అది పైకి 15 మీటర్ల దాకా పరుచుకుంటుంది. గట్టు ప్రతి మీటరు పొడవుకూ సుమారు 2,250 లీటర్లు పడతాయి. 50 మిల్లీమీటర్ల వానలో 30 శాతం పారిందనుకుంటే, 40 మీటర్ల వెడల్పు ముక్క నుంచి మీటరుకు వచ్చేది 600 లీటర్లే. అంటే గట్టు నిజంగా సమానమైన మట్టంలో ఉంటే దానికి ఆ వాన ఒక లెక్క కాదు. అదే గట్టును హద్దు వెంట తిన్నగా, ఏటవాలుగా వేస్తే నీళ్లన్నీ గట్టు వెంబడి పారి దిగువ మూలకు చేరతాయి. వంద మీటర్ల గట్టు మోయాల్సిన నీరు ఐదు మీటర్ల మీద పడుతుంది. తెగేది అక్కడే. హద్దు తిన్నగా ఉంటుంది, నేల మట్టం వంకరగా ఉంటుంది. ఈ రెండిటికీ రాజీ కుదరక మన పొలాల్లో తెగే గట్లకు లెక్కలేదు.

ఇంకో కారణం, మిగులు నీటికి దారి లేకపోవడం. చెరువుకు అలుగు ఎందుకో ప్రతి రైతుకూ తెలుసు. తన గట్టుకు కూడా అలుగు కావాలని మాత్రం తోచదు. గట్టు నడినెత్తి కంటే కనీసం జానెడు కిందికి, రాళ్లు పరిచిన ఒక వెడల్పాటి జారుడు వదలాలి. నీరు దూకే చోట కింద కూడా రాళ్లుండాలి. రాయి దొరకని చోట పచ్చిక గడ్డలు పాతవచ్చు, అయితే అవి వేళ్లూనుకునేదాకా ఒక వానాకాలం కాపలా కాయాలి.

మూడోది, కొత్త మట్టి కుంగుతుంది. కావలసిన ఎత్తు కంటే నాలుగో వంతు ఎక్కువ పోసి, పొర పొరకూ తొక్కించాలి. మట్టిని గట్టుకు పైవైపు నుంచే తీయండి, కానీ పొడవాటి కాలువలా తవ్వకుండా మధ్యలో అడ్డాలు వదులుతూ గుంతలుగా తవ్వండి. కాలువలా తవ్వితే నీరు దాని వెంట పరిగెత్తి గట్టు కాళ్లను తొలిచేస్తుంది.

నల్లరేగడిలో కూడా ఇవే గట్లా?

వద్దు. లోతైన నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలిస్తుంది, గట్టు కూడా నెర్రెలిస్తుంది. తొలకరి నీరు ఆ నెర్రెల్లోంచి దూరి గట్టును కడుపులోంచి తినేస్తుంది. వానలు ముదిరాక నేల వాచి నెర్రెలు మూసుకుంటాయి, అప్పుడు గట్టు వెనుక నీరు రోజుల తరబడి ఇంకదు. 1 శాతం వాలులో గట్టు వెనుక 30 సెంటీమీటర్ల నీరు నిలిస్తే 30 మీటర్ల మేర పంట మునుగుతుంది. 70 మీటర్ల ముక్కలో అది దాదాపు సగం.

ఇక్కడ నీటిని ఆపడం కన్నా మెల్లగా నడిపించడం ముఖ్యం. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, 1976 నుంచి నల్లరేగడిలో రెండు చిన్న పరీవాహక క్షేత్రాలను పక్కపక్కన పెట్టి కొలుస్తూ వచ్చింది. ఒకదానిలో పాత పద్ధతి: వానాకాలం బీడు, రబీలో పంట. రెండో దానిలో వెడల్పు మడి, కాలువ పద్ధతి. అంటే మీటరుకు కాస్త పైన వెడల్పున్న ఎత్తు మడి, పక్కనే చిన్న కాలువ, రెండూ కలిపి మీటరున్నర. ఈ కాలువలు సుమారు అర శాతం వాలులో నడిచి గడ్డి పెంచిన పెద్ద కాలువలో కలుస్తాయి. పాత పద్ధతిలో ఏడాదికి సగటున సుమారు 220 మిల్లీమీటర్ల నీరు పొలం దాటగా, కొత్త పద్ధతిలో 91 మిల్లీమీటర్లే దాటింది. హెక్టారుకు పోయే మట్టి ఆరు టన్నులకు పైనుంచి ఒకటిన్నర టన్నుల దగ్గరికి దిగింది. దిగుబడి ఒక టన్ను నుంచి ఐదు టన్నులకు పెరిగింది.

ఈ అంకెలు చూసి మడుల మహిమే అనుకోకండి. కొత్త పద్ధతిలో వానాకాలంలోనే పంట ఉంది, ఎరువులున్నాయి, మంచి విత్తనం ఉంది. పాత పద్ధతిలో వాన ఎక్కువగా కురిసే నెలల్లో నేల ఖాళీగా ఉంది. రూపు ఎంత, కప్పు ఎంత అని విడదీయడం కష్టం. ఒకటి మాత్రం ఖాయం, కాలువ లేకపోతే ఆ నేలలో వానాకాలం పంట నిలవదు.

అయితే ఎర్ర నేలల్లో కూడా వెడల్పు మడులు వేయవచ్చా?

ఇదే ఇక్రిశాట్ ఎర్ర నేలల్లో ప్రయత్నించి, ఆశించిన ఫలితం చూడలేదు. సమతలంగా, అడ్డంగా సాగు చేసిన దానికంటే మడుల మీద నీరు తక్కువేమీ పారలేదు. ఎర్ర నేల మెత్తగా వదులుగా ఉండి, పెంకు కట్టే గుణం ఉన్నది. మడి పక్కలు విరిగి కాలువ పూడుతుంది. ఒక నేలకు పనికొచ్చింది ఇంకో నేలకు పనికిరాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఎర్ర నేలల్లో గొడ్డు చాళ్లు మేలు. అనంతపురం వేరుశనగ పొలాల్లో ప్రతి 3.6 మీటర్లకు ఒక లోతైన ఖాళీ చాలు వాలుకు అడ్డంగా తీయమని మెట్ట సేద్య పరిశోధన సిఫారసు. పెద్ద ఖర్చు లేదు, గట్టులా భూమిని తినదు. వాన తక్కువైతే నీరు నిలుపుతుంది, ఎక్కువైతే మెల్లగా బయటికి తీసుకుపోతుంది. విత్తేటప్పుడే తీయవచ్చు, లేదా తొలి గుంటక సమయంలో తీయవచ్చు. పంట ఎదిగాక గుర్తొస్తే లాభం లేదు. పెంకు కట్టినప్పుడల్లా పైపైన గుంటక తోలడం కూడా ఇక్కడ నీటి పనే, కలుపు పని మాత్రమే కాదు.

చీనీ, మామిడి తోటల్లో ప్రతి చెట్టుకూ దిగువ వైపు అర్ధచంద్రాకారంలో చిన్న కట్ట వేస్తే చెట్టు నీళ్లు చెట్టుకే దక్కుతాయి.

పొలం మొత్తం యంత్రంతో చదును చేయించాలనుకుంటున్నాం. మంచిదేనా?

ఈ ప్రశ్నకు తొందరపడి ఔననేవారిని నమ్మవద్దు. 50 మీటర్ల పొడవు, 2 శాతం వాలు ఉన్న చెక్కను పూర్తిగా చదును చేయాలంటే పై కొసలో అర మీటరు కోయాలి, కింది కొసలో అర మీటరు నింపాలి. మన ఎర్ర నేలల్లో చాలా చోట్ల మట్టి మందమే అడుగు, అడుగున్నర. అంటే పై కొసలో మొరం బయట పడుతుంది. సేంద్రియ పదార్థం, జీవం ఉండేదంతా పై జానెడులోనే. అది కింది కొసలో అర మీటరు లోతున పూడిపోతుంది. పొలం చూడ్డానికి చక్కగా ఉంటుంది. ఐదారేళ్లు పై సగంలో పంట పాలిపోయి ఉంటుంది.

కోత విషయంలోనూ చిక్కుంది. నింపిన మట్టి వదులుగా ఉంటుంది. మొదటి వానాకాలంలో అదే కుంగి, దాని అంచు నుంచి జారి గండి పడుతుంది. చదును చేయక తప్పదనుకుంటే, పై జానెడు మట్టిని ముందు గీకి పక్కన కుప్ప వేయించండి. అడుగు మట్టిని సరిచేయించాక ఆ కుప్పను మళ్లీ పైన సమంగా పరిపించండి. యంత్రం వాడు గంటల లెక్కకు మూలుగుతాడు, ఒప్పుకోకండి. పొలాన్ని ఒకే బల్లగా కాక, వాలుకు అడ్డంగా సన్నని పట్టీలుగా విడగొడితే కోసే లోతు తగ్గుతుంది. 50 మీటర్లకు బదులు 20 మీటర్ల పట్టీ అయితే కోత లోతు అర మీటరు నుంచి 20 సెంటీమీటర్లకు దిగుతుంది. పట్టీ అంచుల్లో వట్టివేరు గానీ పశువులు మేసే గడ్డి గానీ పెట్టండి. మెట్ట పంటకు పూర్తి చదును అవసరం లేదు కూడా. వాన నీరు గుంతల్లో నిలవకుండా జారేందుకు స్వల్ప వాలు వదిలితే మంచిది.

పాత గట్లు తీసేసి నాలుగు చెక్కలు కలిపితే ట్రాక్టరుకు సులువు. నష్టం ఎంత?

50 మీటర్ల చెక్కలు నాలుగు కలిస్తే 200 మీటర్ల వాలు అవుతుంది. సమీకరణం లెక్కలో ఎకరాకు కోత ఒకటిన్నర రెట్లవుతుంది. పాత గట్టు దగ్గర తరాలుగా చేరిన మెత్తటి మట్టే అడ్డం లేక ముందుగా కొట్టుకుపోతుంది. కలపాల్సి వస్తే నిలువు గట్లు తీసేయండి, అడ్డ గట్లు ఉంచండి. ట్రాక్టరుకు అడ్డంగా పొడుగు చాలు దొరుకుతుంది, నీటికి అడ్డం మిగులుతుంది.

వరి మడుల్లో ఈ బాధ లేదు కదా?

చాలా తక్కువ. చుట్టూ గట్టున్న సమతల మడికి కోత పెద్దగా ఉండదు. దమ్ము చేసిన వెంటనే బురద నీరు వదిలేసే అలవాటు ఒక్కటి మానుకోవాలి. ఆ నీటిలో మెత్తటి బంకమట్టి, వేసిన ఎరువు రెండూ పోతాయి. ఒకటి రెండు రోజులు తేరనిచ్చి వదలండి.

ఏజెన్సీలో కొండ వాలు మీద మెట్లు వేయవచ్చా?

ఆరు నుంచి ముప్ఫై మూడు శాతం వాలు దాకా మెట్ల సాగు చేయవచ్చన్నది సాధారణ సూత్రం, మట్టి లోతుగా ఉంటేనే. మెట్టు లోపలి వైపుకు కొద్దిగా వంగి ఉండాలి, నీరు అంచు మీంచి దూకకుండా లోపలి కాలువలో చేరి పక్కకు పోవాలి. అరకు, పాడేరు ప్రాంతాల్లో గెడ్డల (కొండ వాగుల) వెంట గిరిజన రైతులు కట్టుకున్న వరి మెట్లు చూస్తే ఈ సూత్రం వేరే చెప్పనక్కరలేదు. అంతకు మించిన వాలులో నేలను కదిలించకపోవడమే మంచిది. అక్కడి కాఫీ తోటలు నీడ చెట్ల కింద ఉండి, నేల మీద ఆకు పరుపు నిలుపుతాయి. అంతటి వాలుకు అదే సరైన సాగు.

పంట కుంట ఎక్కడ తవ్వాలి, ఎంత నీరు చేరుతుంది?

పొలంలో నీరు సహజంగా చేరే దిగువ మూలలో, కానీ వాగు నడి గర్భంలో కాదు. ఎకరా మీద ఒక మిల్లీమీటరు నీరంటే సుమారు 4,000 లీటర్లు. 50 మిల్లీమీటర్ల వానలో 30 శాతం పారితే ఎకరా నుంచి సుమారు 60,000 లీటర్లు వస్తాయి. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు కుంట, పక్కలు నిట్టనిలువుగా ఉంటే రెండున్నర లక్షల లీటర్లు పడుతుంది. పక్కలు ఏటవాలుగా ఉండాలి కాబట్టి అసలు నిల్వ అందులో సగం చుట్టూ ఉంటుంది. నీరు లోపలికి వచ్చే చోట ముందుగా ఒక చిన్న పూడిక గుంట తవ్వండి. ఏటా దాన్ని ఎత్తితే చాలు, కుంట మొత్తం ఎత్తే పని తప్పుతుంది. లోపలికి వచ్చే దారికీ బయటికి పోయే దారికీ రాళ్లు పరచని కుంటలే కొత్త వంకలకు మొదళ్లు.

పై పొలాల్లో నీరు ఆపితే కింద చెరువు ఎండిపోదా?

మంచి ప్రశ్న, నీటి పథకాల సభల్లో ఎవరూ ఎత్తని ప్రశ్న. పైన ఆపిన నీటిలో కొంత భూగర్భంలోకి దిగుతుంది, కొంత పంట తాగుతుంది, కొంత ఆవిరవుతుంది. వాన తక్కువైన ఏడాది చెరువుకు చేరేది తగ్గుతుంది, దాచిపెట్టడం ఎందుకు. అనంతపురం లాంటి చోట్ల ఇది నిజమైన తగాదా. కానీ చెరువులోకి చేరే మట్టి కూడా తగ్గుతుంది, అది చిన్న విషయం కాదు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ మొదటి నిల్వ 29 టీఎంసీలకు పైనే. పూడిక వల్ల అది 12 టీఎంసీల దాకా పడిపోయింది, తర్వాత ఎత్తు పెంచి 17 టీఎంసీలకు పైకి తెచ్చారు. రాయలసీమకు నీరిచ్చే తుంగభద్ర జలాశయం 1953 నాటి సుమారు 133 టీఎంసీల నుంచి సుమారు 105 టీఎంసీలకు చేరింది. ఎగువ పొలాల మట్టే అక్కడ పడుకుని ఉంది. దేశంలో కోతకు గురయ్యే మట్టి ఏడాదికి హెక్టారుకు సగటున 16 టన్నులకు పైనే అని 1983లో డెహ్రాడూన్ శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. అందులో పదో వంతు జలాశయాల్లో చేరుతుందని, 29 శాతం సముద్రంలోకి పోతుందని వారి అంచనా.

నా ఉద్దేశంలో పొలంలో తేమ నిలిపే పనులకు, అంటే అడ్డ చాళ్లకూ గొడ్డు చాళ్లకూ, ఎవరూ అభ్యంతరం చెప్పకూడదు. వాగుకు అడ్డంగా కట్టే కట్టలకు, వరసగా తవ్వే పెద్ద కుంటలకు మాత్రం చెరువు ఆయకట్టు రైతులతో మాట్లాడాలి. 1994లో సి.హెచ్. హనుమంతరావు కమిటీ నీటి పరీవాహక పనులను గ్రామస్థుల చేతికి ఇవ్వాలని చెప్పడంలో ఈ బుద్ధి ఉంది.

పై పొలం వాళ్లు గట్టు వేసి నీటిని మా మీదికి మళ్లించారు. ఏం చేయగలం?

గట్టుకు గట్టు పెట్టి జవాబు చెప్పకండి. మొదటి పెద్ద వానకు రెండూ తెగుతాయి. నీటి పాత దారి ఏదో పెద్దలకు తెలుసు, గ్రామ పటంలో కూడా వంకలు, వాగులు గుర్తించి ఉంటాయి. ఆ దారిని ఇద్దరి హద్దు వెంట గడ్డి కాలువగా తెరిచి, మూడు నాలుగు చోట్ల రాళ్లు అడ్డంగా పేర్చితే ఇద్దరికీ సరిపోతుంది. కాలువ లోతుగా సన్నగా కాక, వెడల్పుగా లోతు తక్కువగా ఉండాలి. అందులో దున్నకూడదు.

పోయిన మట్టికి బదులు చెరువు మట్టి వేయవచ్చా?

ఎర్ర నేలలకు, ఇసుక నేలలకు భేషుగ్గా. మెత్తటి పూడిక మట్టి నీటిని పట్టి ఉంచే శక్తి పెంచుతుంది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తీసిన పూడికను రైతులు తోలుకున్నది అందుకే. నల్లరేగడికి మాత్రం వేయకండి, బరువుకు బరువు తోడవుతుంది. తోలే ముందు చౌడు ఉందేమో పరీక్ష చేయించండి. వాలుకు అడ్డం కట్టకుండా చెరువు మట్టి తోలితే అది రెండేళ్లలో మళ్లీ అదే చెరువుకు చేరుతుంది.

కాంటూరు గీత, అంటే పొలంలో ఒకే మట్టంలో నడిచే గీత, మేమే గీసుకోగలమా?

గీసుకోవచ్చు. రెండు మీటర్ల కర్రలు రెండు పైన కలిపి కట్టి, మధ్యలో ఒక అడ్డ కర్ర కట్టండి. పై కొస నుంచి దారానికి రాయి వేలాడదీయండి. రెండు కాళ్లూ ఎక్కడెక్కడ పెట్టారో గుర్తు పెట్టి, దారం అడ్డ కర్రను తాకే చోట గీత గీయండి. కాళ్లు అటుదిటు మార్చి అవే గుర్తుల మీద నిలిపి ఇంకో గీత గీయండి. రెండు గీతల నడిమి చోటే సరైన మట్టం. పొలంలో ఒక కాలు కదపకుండా రెండో కాలును దారం ఆ నడిమి గీత మీదికి వచ్చేదాకా జరపండి, అక్కడ మేకు కొట్టండి. అలా పొలం పొడవునా వెళ్తే వచ్చే వంకర గీతే కాంటూరు. చిన్న చిన్న వంపులను సవరించి సాఫీగా చేసుకోవచ్చు, పెద్ద వంపులను తిన్నగా చేయకండి.

ఏ నెలలో చేయించాలి?

రబీ పంట తీశాక, తొలకరికి ముందు. మార్చి, ఏప్రిల్ నెలలు మేలు. మే చివర్లో హడావుడిగా పోసిన మట్టి కుదురుకోకముందే జడివాన పడుతుంది. గట్టు మీద గడ్డి, కంది, సీతాఫలం విత్తనాలు తొలి వానకే చల్లండి.

చేసిన పని ఫలించిందో లేదో ఎలా తెలుస్తుంది?

పెద్ద వాన పడుతున్నప్పుడే గొడుగు వేసుకుని వెళ్లి చూడండి. నీరు ఎక్కడ పరిగెడుతోందో, ఎక్కడ గట్టు దాటుతోందో, పొలం చివర వెళ్లే నీటి రంగు ఎలా ఉందో ఆ అరగంటలోనే తెలుస్తుంది. వాన వెలిశాక వెళ్తే గుర్తులు మాత్రమే మిగులుతాయి. పొలం పై భాగంలో, నడుమ, కింద ఇనుప చువ్వలు పాతి, నేల మట్టం దగ్గర రంగు పూయండి. ఏటా వానాకాలం అయ్యాక రంగు గీతకూ నేలకూ ఉన్న తేడా కొలిచి రాసుకోండి. దున్నే దారిలో చువ్వ ఉంటే గుంటక విరుగుతుంది, కాబట్టి గట్టు పక్కనో చెట్టు మొదట్లోనో కొంచెం ఎడంగా పాతడం మంచిది.